రోజుకో తీరున మారే అలలకు ఒకే బోర్డు సరిపోతుందా?

కొత్తలీష్ | శనివారం, ఉదయం 9.40

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా అద్దె బోర్డులతోనే సర్ఫింగ్ నెట్టుకొస్తున్నాను. ఇక సొంతంగా ఒకటి కొనుక్కోవాలని ఉంది. ఇంతకాలం వాడినది 8 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు. నురగలో లేచి నిలబడే దశ దాటాను. ఇంకా విరగని అలను అందుకుని కుడివైపుకు అడ్డంగా వెళ్లగలుగుతున్నాను. ఎడమవైపు మాత్రం ఇప్పటికీ తడబాటే. బరువు 74 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, ఈత బాగానే వచ్చు.

చిక్కంతా మా తీరంతోనే. అడుగున ఇసుక. మేటలు నెలకో చోటికి జరుగుతుంటాయి. ఒక రోజు మోకాలెత్తు అల, విరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు బద్ధకంగా వస్తుంది. మరుసటి రోజు అదే చోట ఛాతీ ఎత్తున లేచి గోడ కూలినట్టు ఒక్కసారిగా పడిపోతుంది. ఎక్కడో దూరాన తుఫాను పుట్టినప్పుడు మాత్రం ఏడాదిలో కొద్ది రోజులు అందమైన పెద్ద అలలు వస్తాయి.

స్నేహితుడు తన 6 అడుగుల 2 అంగుళాల బోర్డు ఇచ్చేస్తానంటున్నాడు. పరిమాణం 28 లీటర్లు, తోక కింద మూడు ఫిన్లు (చేప రెక్కల్లాంటివి). చూడటానికి కత్తిలా ఉంది. తీసుకోవచ్చా? అన్ని రోజులూ ఒకే బోర్డుతో గడిచే దారి ఉందా?

పాతకాపు | శనివారం, ఉదయం 10.05

వద్దు.

కారణం తర్వాత చెబుతాను. మీకు ఎలాంటి అలలు ఇష్టమో నాకు అక్కర్లేదు. గత ఇరవై సార్లు నీళ్లలోకి దిగినప్పుడు ఎలాంటి అలలు దొరికాయో రాయండి. ఎత్తు ఎంత, ఆటా పోటా, గాలి ఎటునుంచి, ఎన్ని అలల వెంట పడ్డారు, ఎన్నింటిమీద నిలబడ్డారు. గుర్తు లేకపోతే ఈ రోజునుంచే ఒక నోటుపుస్తకం పెట్టండి. బోర్డు కొనడం ఒక నెల ఆలస్యమైతే సముద్రం ఎక్కడికీ పోదు.

పొట్టిబోర్డు | శనివారం, ఉదయం 11.20

పాతకాపు గారికి ఏడడుగుల లోపు బోర్డులంటే పడదని ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. నా మాట కూడా వినండి.

నేను 8 అడుగుల ఫోమ్ బోర్డు నుంచి నేరుగా 6 అడుగుల 4 అంగుళాలకు దిగాను. రెండు నెలలు నరకం చూశాను. మూడో నెలలో మొదటిసారి అల అడుగుదాకా జారి, మళ్లీ పైకి తిప్పగలిగాను. పెద్ద బోర్డు మీద ఏళ్ల తరబడి ఉంటే కాళ్లు పెట్టిన చోటే పాతుకుపోతాయి. నిలబడి ఊరేగడం అలవాటవుతుంది, తిప్పడం రాదు. ఆ అలవాటు వదిలించుకోవడానికి పట్టే కాలం, మొదటే కష్టపడితే పట్టే కాలం కంటే ఎక్కువ.

ఇంకొక మాట. ఛాతీ ఎత్తున ఒక్కసారిగా కూలే అలల్లో పెద్ద బోర్డుతో లోపలికి వెళ్లడమే గగనం. పొట్టి బోర్డయితే ముక్కును కిందికి తొక్కి అల కిందుగా దూరి అవతల తేలవచ్చు. తొమ్మిదడుగుల దుంగను ఎవరు ముంచగలరు? బోల్తా కొట్టి దాన్ని పట్టుకుని వేలాడాలి. అల చేతుల్లోంచి లాగేసుకుంటే వెనకున్నవాడి తలకు తగులుతుంది.

అలలలెక్క | శనివారం, మధ్యాహ్నం 12.45

బోర్డు సంగతికి ముందు అల సంగతి కొంచెం చూద్దాం. ఎత్తు ఒక్కటే చెబితే ఏ బోర్డు గురించీ ఏమీ చెప్పలేం.

వాతావరణ సూచనలో కనిపించే 'ఒక మీటరు' అనేది లోతైన నీటిలో స్వెల్ (దూరంనుంచి సాగివచ్చే అలల వరస) ఎత్తు. దాని పక్కనే సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. ఒక శిఖరం దాటాక తర్వాతి శిఖరం రావడానికి పట్టే కాలం అది. చాలామంది దాన్ని చూడనే చూడరు, అసలు కథంతా అందులోనే ఉంది. లోతైన నీటిలో అల పొడవు మీటర్లలో కావాలంటే ఆ సెకన్లను వాటితోనే గుణించి 1.56తో హెచ్చించండి. 7 సెకన్ల అలకు 76 మీటర్లు వస్తుంది. 14 సెకన్లకు 306. పొడవులో సగం లోతుకు వచ్చేసరికి అలకు అడుగు తగలడం మొదలవుతుంది. అంటే మొదటిది 38 మీటర్ల లోతుదాకా వచ్చేవరకు నేల సంగతే ఎరగదు. రెండోదానికి 153 మీటర్ల లోతునుంచే నేల తెలుస్తూ, నెమ్మదిస్తూ, వెనకనుంచి వచ్చే శక్తి పోగుపడుతూ ఎత్తు పెరుగుతుంది. అడుగు ఒంపుల ప్రభావం పక్కన పెట్టి లెక్కేస్తే, లోతులో రెండూ ఒక మీటరే అయినా విరిగే చోట 7 సెకన్ల అల సుమారు 1.3 మీటర్లు, 14 సెకన్ల అల సుమారు 1.8 మీటర్లు ఉంటుంది. మోసుకొచ్చే శక్తి రెండింతలు.

కొత్తలీష్ గారు చెప్పిన బద్ధకపు అల బహుశా దగ్గర్లో గాలికి పుట్టిన పొట్టి కాలపు అల. ఏడాదికి కొద్ది రోజులు వచ్చేది దూరపు తుఫాను పంపిన పొడవాటి కాలపు అల. పేరుకు రెండూ అలలే అయినా బోర్డుకు అవి రెండు వేరు సముద్రాలు.

ఇప్పుడు బోర్డు. విరిగే చోట అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. మీటరు లోతులో గంటకు సుమారు 11 కిలోమీటర్లు, రెండు మీటర్ల లోతులో 16. ప్యాడ్లింగ్ చేసి, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని తోసి, మనం తెచ్చుకోగలిగే వేగం సుమారు 5. మిగతా వేగం అల వాలు మీద జారడం వల్లే రావాలి. అల నిటారుగా ఉంటే ఆ వాలు పుష్కలం, చిన్న బోర్డు కూడా జారుతుంది. అల మెత్తగా ఉంటే వాలు స్వల్పం. అప్పుడు అంత తక్కువ వాలుకే నీటి మీదికి లేచి జారగల బోర్డు కావాలి. అంటే పొడవు, వెడల్పు, అడుగు చదునుగా ఉండటం. 28 లీటర్ల బోర్డు మెత్తటి అలను ఎందుకు అందుకోలేదో ఇదే కారణం. అది అభ్యాసంతో తీరే లోటు కాదు.

పొట్టిబోర్డు | శనివారం, మధ్యాహ్నం 1.10

లెక్క బాగుంది. మరి నేను ఆ అలల్లోనే అందుకుంటున్నానే?

అలలలెక్క | శనివారం, మధ్యాహ్నం 1.32

మీ బరువు ఎంత?

పొట్టిబోర్డు | శనివారం, మధ్యాహ్నం 1.35

58.

పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 1.41

అదీ సంగతి.

నీలవేణి | శనివారం, సాయంత్రం 6.15

బరువు మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెబుతాను. అందరూ లీటర్లనే పట్టుకుని వేలాడతారు. నేనూ అలాగే మోసపోయాను.

నా బరువు 52 కిలోలు. నేర్చుకునేవాళ్లకు కిలోకు ఒక లీటరు కావాలని ఎక్కడో చదివి, 7 అడుగుల 6 అంగుళాల పొడవు, 23 అంగుళాల వెడల్పు, 52 లీటర్ల బోర్డు కొన్నాను. అంకె చక్కగా కుదిరింది. బోర్డు కుదరలేదు. చంకలో పెట్టుకుంటే వేళ్లు అవతలి అంచుకు అందేవి కావు, తల మీద మోసుకెళ్లేదాన్ని. గాలి వీస్తే నన్ను కూడా కలిపి తిప్పేది. ప్యాడ్లింగ్ చేస్తుంటే మోచేతుల లోపలి చర్మం బోర్డు పక్క అంచుకు, అంటే రెయిల్‌కు రాసుకుని ఎర్రబడేది. అన్నిటికంటే పెద్ద తిప్పలు తిప్పడంలోనే. బోర్డు తిరగాలంటే ఒక పక్క రెయిల్ నీళ్లలో మునగాలి. ఆ లావు రెయిల్‌ను ముంచే బరువు నాకు లేదు. నేను ఒరిగితే బోర్డు కార్కులా మళ్లీ పైకి లేచేది. ఏడాదిపాటు తప్పు నాదే అనుకున్నాను. "ఆడలేక మద్దెల ఓడు" అంటారేమోనని భయపడి ఎవరికీ చెప్పుకోలేదు కూడా. తీరా చూస్తే మద్దెల నిజంగానే ఓడు.

ఇప్పుడు వాడేది 7 అడుగులు, వెడల్పు 20 ముప్పాతిక అంగుళాలు, 41 లీటర్లు. రెయిల్ పలుచన, ఫోమ్ అంతా ఛాతీ కింద. లీటర్లు తగ్గినా అందుకునే అలలు తగ్గలేదు. కాబట్టి కొత్తలీష్ గారూ, లీటర్లు ఎన్నని అడిగాక, అవి బోర్డులో ఎక్కడున్నాయని కూడా అడగండి.

రెసిన్‌చేతులు | శనివారం, రాత్రి 9.50

నీలవేణి గారు చెప్పినది బోర్డులు చెక్కేవాళ్లు రోజూ చెప్పి చెప్పి విసిగిపోయిన మాట. నేను పదకొండేళ్లుగా బోర్డులు బాగుచేస్తున్నాను, అప్పుడప్పుడు చెక్కుతుంటాను.

వాడుకలో ఉన్న మోటు లెక్క ఇది. బాగా చేయి తిరిగినవాళ్లు తమ బరువు కిలోలను 0.35 నుంచి 0.40 తో హెచ్చించి లీటర్లు ఎంచుకుంటారు. 74 కిలోలకు 26 నుంచి 30. అంటే మీ స్నేహితుడి బోర్డు చేయి తిరిగిన 74 కిలోల మనిషికి, మంచి అలలున్న రోజుకు సరిపోయేది. మీ దశలో ఉన్నవాళ్లకు 0.6 నుంచి 0.7 దాకా ఉండాలి. 44 నుంచి 52 లీటర్లు వస్తుంది. ఇది శాసనం కాదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తు.

ఇక ఆకారం. పక్కనుంచి చూస్తే బోర్డు అరటికాయలా వంగి ఉంటుంది, దాన్ని రాకర్ అంటాం. వంపు ఎక్కువుంటే నిటారు అలలో ముక్కు మునగదు, తిప్పడం తేలిక. కానీ ఆ వంపే మెత్తటి అలలో నీటిని ముందుకు తోస్తూ బ్రేకు వేస్తుంది. వంపు తక్కువుంటే దీనికి తలకిందులు. మీ తీరంలో రెండూ ఉన్నాయి కాబట్టి ముక్కు దగ్గర కొంచెం వంపు, పాదాల కింద దాదాపు చదును ఉన్నది చూడండి. తోక వెడల్పుగా ఉంటే నీరసపు అలలోనూ ముందుకు సాగుతుంది, కోసుగా ఉంటే పెద్ద అలలో పట్టు తప్పదు. గుండ్రటి తోక మధ్యస్థం.

పొట్టిగా ఉంటూనే చిన్న అలను అందుకునే దారి ఒకటుంది, పొట్టిబోర్డు గారు కూడా కాదనరు. ఫిష్. 1960ల చివర్లో శాన్ డియేగోలో స్టీవ్ లిస్ మోకాళ్ల మీద స్వారీ చేయడానికి చెక్కిన ఆకారం అది. పొట్టి, వెడల్పు, చదును, చేప తోకలాంటి చీలిక, రెండు ఫిన్లు. 5 అడుగుల 10 అంగుళాల పొడవులోనే 36, 38 లీటర్లు పట్టేస్తుంది. కాకపోతే లేవడం ఒక్క ఊపులో పూర్తికావాలి. ఏడాదిన్నర అనుభవానికి అది కాస్త తొందరే అంటాను.

పొట్టిబోర్డు | ఆదివారం, ఉదయం 7.30

ఫిష్ విషయంలో కాదనను. కానీ మూడు ఫిన్ల బోర్డును ఇక్కడ నేరస్థుడిలా నిలబెడుతున్నారు. సర్ఫర్ సైమన్ ఆండర్సన్ ఆ మూడు ఫిన్ల అమరికతో 1981లో ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్‌లో గెలిచాక ప్రపంచమంతా అటే తిరిగింది. ఊరికే తిరగలేదు కదా?

పాతకాపు | ఆదివారం, ఉదయం 8.02

ఊరికే తిరగలేదు. కానీ ఆ పోటీ రోజున బెల్స్‌లో అలలు ఎంతున్నాయో కూడా చెప్పండి. ఇప్పటికీ కథలుగా చెప్పుకునేంత పెద్దవి. అంత పెద్ద అలలో రెండు ఫిన్ల బోర్డు తోక జారిపోయేది. ఆండర్సన్ భారీ మనిషి, ఆ జారుడు ఆయనకు మరీ ఇబ్బంది. అందుకే వెనక మూడోది తగిలించాడు. అదే కాలంలో మార్క్ రిచర్డ్స్ రెండు ఫిన్ల బోర్డుతో 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ఎవరి అలకు తగ్గ బోర్డు వాళ్లు చెక్కించుకున్నారు. మోకాలెత్తు నీళ్లలో బెల్స్ బోర్డు వేసుకుని కూర్చోవడం నేల విడిచి సాము.

మీరన్న మరో మాట మాత్రం నిజం. పెద్ద బోర్డు కూలే అలల్లో ప్రమాదమే. బోర్డును కాలికి కట్టే తాడు, లీష్, 1971 ప్రాంతంలో వచ్చింది, అంతకుముందు పడితే ఒడ్డుదాకా ఈది బోర్డు తెచ్చుకోవాల్సిందే. అందుకే అప్పటివాళ్లు బోర్డు చేయి జారకుండా చూసుకునేవాళ్లు. ఇప్పుడు లీష్ ఉందన్న ధీమాతో వదిలేస్తున్నారు. పెద్ద బోర్డు కొనేవాళ్లు బోల్తా కొట్టి గట్టిగా పట్టుకోవడం ముందు నేర్చుకోవాలి, వెనక మనిషి ఉంటే అసలు వదలకూడదు.

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 8.20

పాత గొడవలు తవ్వుకోకుండా ప్రశ్న అడిగిన మనిషికి పనికొచ్చే సంగతులు చెబుతున్నందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. ఇలాగే సాగనివ్వండి.

కొత్తలీష్ | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5.10

మాయమైనందుకు క్షమించండి. పాతకాపు గారు చెప్పినట్టు నోటుపుస్తకం పెట్టాను. పాతవి సరిగ్గా గుర్తులేవు, అందుకే కొత్తగా మొదలుపెట్టాను. పని ముందో వెనకో దొరికిన ప్రతిసారీ దిగి, మొత్తం 19 సార్లు రాశాను. ఇదీ సంగతి.

11 సార్లు మోకాలినుంచి నడుము ఎత్తు, మెత్తటి అల. 3 సార్లు నడుమునుంచి ఛాతీ, శుభ్రంగా ఒక పక్కకు విరిగింది. 4 సార్లు గోడలా కూలింది. ఒక్కసారి మాత్రం దూరపు స్వెల్, 13 సెకన్లు, భుజాల ఎత్తు. ఆ రోజు సగం సేపు ఒడ్డునే కూర్చున్నాను. దాచడమెందుకు, భయం వేసింది.

మెత్తటి రోజుల్లో 8 అడుగుల ఫోమ్ బోర్డుతో కూడా నేను వెంటపడ్డ అలల్లో మూడింట ఒకటి మాత్రమే దొరికింది. అందుకోలేకపోయిన వాటిలో ఎక్కువ భాగం నేను ఆలస్యంగా ప్యాడ్లింగ్ మొదలుపెట్టినవే.

రాస్తుండగా నేను ఊహించనిది ఒకటి బయటపడింది. గోడలా కూలిన నాలుగు రోజులూ ఆటు బాగా దిగిన సమయాలే. అందులో మూడు పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కలే. అంటే నేను బోర్డు సమస్య అనుకున్నది కొంతవరకు గడియారం సమస్య.

అలలలెక్క | ఆదివారం, సాయంత్రం 6.25

ఈ వేదికలో ఏడాదిగా నేను చదివిన వాటిలో ఇదే మంచి పోస్టు.

మీరు కనిపెట్టినది సరైనదే. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతు వచ్చిన చోట విరుగుతుంది. నీరు బాగా తీసేసినప్పుడు మేట అంచు నిటారుగా బయటపడి ఉంటుంది. అల ఆ అంచుకు పొడవునా ఒకేసారి తగిలి ఒకేసారి కూలుతుంది. నీరు ఎక్కువున్నప్పుడు అదే మేట మీద లోతు ఎక్కువై అల విరగకుండా దాటిపోతుంది, ఒడ్డు దగ్గర మాత్రమే పడుతుంది. మధ్యలో రెండు మూడు గంటలు బాగుంటుంది. పౌర్ణమి, అమావాస్యలకు ఆటుపోట్ల తేడా పెద్దది కాబట్టి ఆ మంచి కిటికీ ఇంకా ఇరుకు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మీరు రోజూ ఒకే గంటకు దిగితే ఒక వారం మంచి వేళ, మరో వారం చెడ్డ వేళ పడటం ఖాయం. ఏ బోర్డూ దీన్ని సరిచేయలేదు.

పాతకాపు | ఆదివారం, రాత్రి 7.15

ఇప్పుడు కారణం చెబుతాను. 19లో 11 మెత్తటివి, 3 మంచివి, 4 ఏ బోర్డుకూ లొంగనివి, ఒకటి ఒడ్డున కూర్చున్నది. స్నేహితుడి 6.2 ఎవరికోసం? ఆ ఒక్క రోజుకోసం. ఆ రోజు సగం సేపు మీరు నీళ్లలోనే లేరు.

పద్నాలుగు రోజులకు బోర్డు కొనండి. నా ఓటు 9 అడుగుల లాంగ్‌బోర్డుకు. 65 లీటర్ల పైన. అల ఇంకా లేస్తుండగానే అందుకుంటారు, లేచి నిలబడటానికి తీరిక దొరుకుతుంది, ఎటు వెళ్లాలో చూసుకునే తీరిక కూడా. ఎడమవైపు తడబాటు దానితోనే పోతుంది.

పొట్టిబోర్డు | ఆదివారం, రాత్రి 8.40

లెక్క చూశాక నా 6.2 వాదన వదులుకుంటున్నాను. ఒప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు. కానీ తొమ్మిదడుగులు వద్దు. కొత్తలీష్ గారు, అలలు నడుము నుంచి ఛాతీ ఎత్తు వచ్చిన ఆ మూడు రోజుల్లో తిప్పడం నేర్చుకోవాలి. తొమ్మిదడుగుల దాన్ని తిప్పాలంటే వెనక్కి నడిచి తోక మీద బరువు వేయాలి, మళ్లీ ముందుకు నడవాలి. అదొక వేరే విద్య. ఏడడుగుల పైచిలుకు చూడండి.

నీలవేణి | ఆదివారం, రాత్రి 9.05

మధ్యస్థం బోర్డులంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అని కొందరు వెక్కిరిస్తారు. ఆ మాటలో కొంత నిజముంది. లాంగ్‌బోర్డులా నడవలేం, పొట్టిదానిలా అల పైఅంచుదాకా ఎక్కించి తిప్పలేం. కానీ కొత్తలీష్ గారి పుస్తకంలో ఈ రెండూ చేసే రోజులు ఎన్నున్నాయి? నేను కూడా ఏడడుగుల పైచిలుకుకే.

బోర్డు కొనేముందు ఒక పని. దాన్ని చంకలో పెట్టుకుని పదినిమిషాలు నడిచి చూడండి. నవ్వకండి. మోయడానికి బద్ధకం వేసే బోర్డుతో వారానికి రెండుసార్లకంటే దిగరు.

రెసిన్‌చేతులు | ఆదివారం, రాత్రి 10.30

7 అడుగుల 2 అంగుళాల నుంచి 7 అడుగుల 6 అంగుళాల మధ్య, వెడల్పు 21, 21న్నర అంగుళాలు, 48 లీటర్ల దగ్గర. గుండ్రటి తోక. మధ్యలో ఒక పెద్ద ఫిన్, పక్కన రెండు చిన్నవి. మెత్తటి రోజున పక్కవి తీసేస్తే ఒరిపిడి తగ్గుతుంది, అల నిటారైతే మళ్లీ తగిలించండి. ఒకే బోర్డుతో అన్ని రోజులూ గడపాలంటే ఈ మార్పిడే మీకు దొరికే అతి చవక కిటుకు. ఆ పెద్ద ఫిన్‌ను అది బిగించే గాడిలో, అంటే ఫిన్ పెట్టెలో, అరంగుళం ముందుకు జరిపితే బోర్డు వదులుగా తిరుగుతుంది, వెనక్కి జరిపితే స్థిరంగా వెళుతుంది. స్క్రూ ఒక్కటే, స్క్రూడ్రైవర్ చాలు. చాలామంది ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకోరు.

వాడిన బోర్డు కొంటుంటే నా మాటలు గుర్తుంచుకోండి. పాదాలు పెట్టే చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి దిగి టక్కున శబ్దం వస్తే పైపొర ఫోమ్ నుంచి విడిపోయింది, వదిలేయండి. పైన చిన్న చిన్న పాదాల గుంటలు మామూలే. ముక్కునుంచి తోకదాకా ఒక కన్ను మూసి చూడండి, మధ్య చెక్క గీత వంకరపోయినా అడ్డంగా మడత గీత కనిపించినా ఆ బోర్డు ఒకసారి విరగబోయి ఆగిందన్నమాట. ఫిన్ పెట్టెల మూలల్లో వెంట్రుకవాసి పగుళ్లు వెతకండి. పాత పాలియురేథేన్ బోర్డు ఎండకు పసుపుపచ్చబడటం మామూలు. గోధుమరంగు మరక మాత్రం నీరు లోపలికి వెళ్లిన గుర్తు. పాలీస్టైరీన్ ఫోమ్ అయితే మరీ జాగ్రత్త, పగిలితే స్పాంజిలా నీరు పీలుస్తుంది, ఎత్తి చూస్తేనే బరువు తెలిసిపోతుంది.

ఇంకొకటి. పాలీస్టైరీన్ బోర్డు పగిలితే పాలియెస్టర్ రెసిన్ పోయకండి. ఫోమ్ కరిగి గుంట పడుతుంది. ఎపాక్సీ మాత్రమే. పోయిన నెల ఒకాయన అలా చేసి తెచ్చారు, పిడికెడు పగులు పోయి తల పట్టేంత గొయ్యి మిగిలింది. కోపం నామీద.

కొత్తలీష్ | మూడు నెలల తర్వాత, బుధవారం, రాత్రి 8.15

కొన్నాను. వాడినదే. 7 అడుగుల 4 అంగుళాలు, 21 పావు అంగుళం, 47 లీటర్లు, గుండ్రటి తోక. బొటనవేలితో నొక్కుతుంటే అమ్మేవారు నన్ను వింతగా చూశారు. ఎడమ ఫిన్ పెట్టె మూలలో వెంట్రుకంత పగులు కనిపించింది, బేరానికి పనికొచ్చింది.

పుస్తకం ఆపలేదు. 31 సార్లు. మెత్తటి రోజుల్లో ఇప్పుడు వెంటపడ్డ అలల్లో సగం దొరుకుతున్నాయి. అంతా బోర్డు గొప్పతనమని చెప్పలేను, ఆలస్యంగా మొదలుపెట్టే అలవాటు కూడా తగ్గింది. మొదటి రెండు వారాలు ఫోమ్ బోర్డుకంటే ఘోరంగా ఉన్నాను, ఆ మాట ఎవరూ ముందే చెప్పలేదు. అలవాటుగా మరీ వెనక పడుకునేవాడిని, ముక్కు గాలిలో లేచి బోర్డు బ్రేకు వేసేది. ఛాతీని నాలుగు వేళ్లంత ముందుకు జరిపాక మారింది. ఇప్పుడు ఆ చోట, పాదాలు జారకుండా బోర్డుకు రాసే మైనంతో గీత ఒకటి గీసుకున్నాను.

ఎడమవైపు వెళుతున్నాను. అందంగా కాదు.

ఒప్పుకోవలసింది ఇంకొకటి. నడుము ఎత్తు దాటి అల నిటారైతే దీనితో కష్టమే. రెండుసార్లు ముక్కు మునిగి బొక్కబోర్లా పడ్డాను. లోపలికి వెళ్లేటప్పుడు పెద్ద అలల వరస వస్తే బోల్తా కొట్టడం తప్ప దారి లేదు, ఒకసారి చేతుల్లోంచి పోయింది కూడా. వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

పొట్టిబోర్డు | బుధవారం, రాత్రి 8.50

నిటారు అలలో తిన్నగా కిందికి దిగకండి. లేస్తూనే చూపు పక్కకు తిప్పి వాలుగా దిగండి, ముక్కు బతుకుతుంది. లేచేటప్పుడు వెనక పాదం ఎక్కడ పడుతోంది?

కొత్తలీష్ | బుధవారం, రాత్రి 9.02

దాదాపు మధ్యలో. మీరడిగాక ఇప్పుడే తట్టింది.

పొట్టిబోర్డు | బుధవారం, రాత్రి 9.06

జానెడు వెనక్కి. ఫిన్ల మీదికి.

రెసిన్‌చేతులు | బుధవారం, రాత్రి 9.40

ఆ పెట్టె పగులు సంగతి ఏమైంది? మూసేశారా, అలాగే నీళ్లలో దించుతున్నారా?

కొత్తలీష్ | బుధవారం, రాత్రి 9.44

టేపు వేశాను.

రెసిన్‌చేతులు | బుధవారం, రాత్రి 9.45

టేపు! టేపు తీసి, తోక కిందికి ఉండేలా నీడలో రెండు రోజులు నిలబెట్టండి. చుక్క కూడా రావడం ఆగాక గరుకు కాగితంతో రుద్ది, ఎండకు గట్టిపడే ఎపాక్సీ రెసిన్ పెట్టండి. కారులో మాత్రం ఎండబెట్టకండి, వేడికి పైపొర బుడగలా లేస్తుంది.

పాతకాపు | బుధవారం, రాత్రి 10.10

31లో మెత్తటి రోజులు ఎన్ని?

కొత్తలీష్ | బుధవారం, రాత్రి 10.14

18. మీరు అడుగుతారని ముందే లెక్కపెట్టుకున్నాను.

పాతకాపు | బుధవారం, రాత్రి 10.20

నా తొమ్మిదడుగులది మూల పడి ఉంది, మోకాలు నొప్పి. బోర్డు ఆరేదాకా అది వాడుకోండి. మైనం మాత్రం పాతది గీకేసి కొత్తది రాయండి, దానిమీద ఇసుక పేరుకుంది.